తరగతిలో డిజైన్ థింకింగ్: టీచర్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

బడిలోకి రావాల్సిన కొత్త అంశాల్లో డిజైన్ థింకింగ్‌ను 2020 జాతీయ విద్యా విధానం పేరుపెట్టి చెప్పింది. సమస్య ఎవరిదో వాళ్లను ముందు అర్థం చేసుకుని (ఈ మొదటి మెట్టే సహానుభూతి), సమస్యను సరిగ్గా రాసుకుని, ఉపాయాలు ఆలోచించి, నమూనా చేసి, వాడి చూసి మార్చుకునే పద్ధతి ఇది. టీచర్ల శిక్షణల్లో ఈ మాటతోపాటు కొన్ని అపోహలూ తిరుగుతున్నాయి.

అపోహ: సహానుభూతి అంటే ఎదుటివారి మీద జాలిపడటం.

వాస్తవం: ఎదుటివారికి ఏం జరుగుతోందో వెళ్లి చూడటం, అడగటం, రాసుకోవడం. ఇది నేర్పితే వస్తుంది, అసలు బలమంతా ఇక్కడే ఉంది. మధ్యాహ్న భోజనం అయ్యాక ప్లేట్లు కడిగే కుళాయిల దగ్గర తోపులాటనే తీసుకోండి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా పంపండి: ఒకరు అడగాలి, ఇంకొకరు విన్న మాట విన్నట్టే రాయాలి. ‘నీకు ఇబ్బందిగా ఉందా?’ అంటే ‘అవును’ తప్ప ఏమీ రాదు. ‘నిన్న అన్నం తిన్నాక ప్లేటు పట్టుకుని ఎక్కడికెళ్లావు? తర్వాత ఏం చేశావు?’ అంటే జరిగింది బయటికొస్తుంది. చిన్న తరగతులవాళ్లు, పెద్దవాళ్లు, వంట చేసేవాళ్లు, ఆయా... కనీసం ఐదుగురిని అడగాలి. చెప్పకపోతే పిల్లలు స్నేహితుల్ని మాత్రమే అడిగి వచ్చేస్తారు. టీచర్ పక్కనే ఉంటే అందరూ ‘బాగానే ఉంది సార్’ అంటారు కాబట్టి దూరంగా ఉండండి. నోట్‌బుక్‌లో చూసింది, విన్నది, అనుకున్నది అని మూడు గడులు గీయించండి. మూడోది లేకపోతే సొంత ఊహలు కూడా విన్న మాటల్లో కలిసిపోతాయి.

అపోహ: సమస్య తెలిసిందే, నేరుగా ఉపాయాలకు వెళ్లొచ్చు.

వాస్తవం: ‘కుళాయిలు చాలవు’ అని మొదలుపెడితే ఇంకో నాలుగు కుళాయిలు అడగడం తప్ప దారి ఉండదు. ‘మూడో తరగతివాళ్లకు కుళాయి అందదు, పెద్దవాళ్లు వచ్చి తిప్పేదాకా ఆగుతారు, అందుకే వరుస కదలదు’ అని రాస్తే పీట, బకెట్టు-మగ్గు, తరగతికో సమయం ఇవన్నీ తోస్తాయి. ఎవరికి, ఏం ఇబ్బంది, ఎందుకు అనే మూడూ ఆ వాక్యంలో ఉండాలి.

అపోహ: సృజన కొందరికే పుట్టుకతో వస్తుంది.

వాస్తవం: పద్ధతిగా అడిగితే అందరికీ ఉపాయాలు తోస్తాయి. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. వాడేసిన కాగితాల వెనక, ముక్కకొకటి చొప్పున ప్రతి ఒక్కరూ ఆరు ఉపాయాలు రాయాలి. గ్రూపు చర్చ ఆ తర్వాతే. ముందే నోటితో చెప్పిస్తే బాగా చదివే పిల్ల చెప్పినదాని చుట్టూనే మిగతావాళ్లు తిరుగుతారు. చర్చలో ‘కుదరదు’ అనే మాట టీచర్ నోటినుంచి అసలు రాకూడదు.

అపోహ: ల్యాబ్, త్రీడీ ప్రింటర్ కావాలి.

వాస్తవం: ఉపాయానికి నమూనా చేయడానికి అట్ట, టేపు, కత్తెర, 20 నిమిషాలు చాలు. ఎక్కువ సమయమిస్తే రంగులేసి ముస్తాబు చేస్తారు, ఇక దాన్ని మార్చడానికి మనసొప్పదు.

అపోహ: సిలబస్ పోతుంది.

వాస్తవం: మొదటిసారికి ఐదు పీరియడ్లు పెట్టుకోండి. కుళాయి ఎత్తు, పిల్లల ఎత్తు కొలిచి సగటు కట్టడం గణితమే. మార్కులు మాత్రం నమూనా అందానికి వేయకండి. దాన్ని మూడో తరగతివాళ్ల చేతికిచ్చి చూశాక ఏం మార్చారో, ఎందుకు మార్చారో నోట్‌బుక్‌లో రాసినదానికి వేయండి.