క్షయ కోసం తీసిన ఎక్స్‌రే

1950 ప్రాంతంలో అమెరికా సైన్యంలో చేరిన కుర్రవాళ్లు చొక్కా విప్పి, పలకకు ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడేవారు. క్షయ ఉన్నవాడు శిబిరంలో చేరితే పక్క మంచాలవాళ్లకూ అంటుకుంటుంది కనుక ముందే పట్టుకోవాలని ఆ ఎక్స్‌రే. చూసే వైద్యుడికి కావలసింది ఊపిరితిత్తులు. ఫిల్ము పైభాగాన రెండు వైపులా వంపు తిరిగి కనిపించే ఎముకలు అతని చూపుకు అడ్డమే. అరవై ఏళ్ల తర్వాత, యుద్ధంలో పోయిన సైనికుల ఎముకలు ఎవరివో తేల్చే హవాయిలోని ఒక ప్రయోగశాలలో ఆ అడ్డమే అక్కరకొచ్చింది.

ఆ ఎముక పేరు జత్రుక. మెడ కింద తడిమితే చేతికి తగులుతుంది, రొమ్ము ఎముక నుంచి భుజం దాకా పోతుంది. దాని వంపు, మందం, చివర్ల ఆకారం ఏ ఇద్దరిలోనూ సరిగ్గా ఒకేలా ఉండవు. పైగా శరీరంలో అన్నిటికన్నా ఆలస్యంగా ఎదుగుదల ముగించే ఎముక ఇదే. రొమ్ము వైపు కొన ఇరవైల నడిమి దాటాక గానీ పూర్తిగా అతుక్కోదు. కాబట్టి చనిపోయినవాడిది పద్దెనిమిదేళ్ల వయసా, ముప్పై ఏళ్ల వయసా అన్నది కూడా అదే చెబుతుంది.

కొరియా యుద్ధం 1953 జులైలో ఆగింది. ఇప్పటికీ ఏడు వేల మందికి పైగా అమెరికన్ సైనికుల లెక్క తేలలేదు. పోరులో పడిపోయి మంచులో మిగిలిపోయినవారు కొందరు, పట్టుబడి చైనా సరిహద్దులోని యాలూ నది ఒడ్డున యుద్ధఖైదీల శిబిరాల్లో ఆకలితో, జిగట విరేచనాలతో పోయినవారు కొందరు. ఆ యుద్ధంలోని ఖైదీల కథలో మనవాళ్లకూ కొంత భాగముంది. స్వదేశం వెళ్లబోమన్న ఖైదీలకు కాపలా కాసింది భారత సైనికులే. ఆ ఖైదీల్లో 88 మంది 1954లో మన సైనికులతోపాటు భారతదేశానికి వచ్చేశారు.

అదే ఏడాది ఇరుపక్షాలూ మృతదేహాలను ఇచ్చిపుచ్చుకున్నాయి. దానికి ఆపరేషన్ గ్లోరీ అని పేరు. అప్పుడు వచ్చిన నాలుగు వేలకు పైగా దేహాలను జపాన్‌లోని కొకురాలో పరిశీలించారు. ఎత్తు, పళ్లు, విరిగి అతుక్కున్న ఎముకలు చూసి చాలామందిని గుర్తించారు. యుద్ధం మొత్తం మీద గుర్తించలేకపోయిన ఎనిమిది వందల మందికి పైగా సైనికులను హవాయిలోని హొనొలులులో ఉన్న పంచ్‌బౌల్ శ్మశానవాటికలో, 'అజ్ఞాత' అన్న మాట చెక్కిన రాళ్ల కింద ఉంచారు.

వారిలో ఎమిల్ కపాన్ ఒకరు. కాన్సాస్‌కు చెందిన క్రైస్తవ మతగురువు, సైన్యంలో చాప్లిన్. 1950 నవంబరులో ఉన్‌సాన్ దగ్గర తప్పించుకునే వీలున్నా గాయపడినవాళ్లతో ఉండిపోయి పట్టుబడ్డారు. ప్యోక్‌తాంగ్ శిబిరంలో తోటి ఖైదీల కోసం ఆహారం దొంగిలించేవారు. 1951 మేలో, 35 ఏళ్ల వయసులో అక్కడే చనిపోయారు. 2013లో అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం ఇచ్చే నాటికి ఆయన దేహం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నిజానికి అది దశాబ్దాలుగా అమెరికా నేలలోనే, పంచ్‌బౌల్‌లో పేరు లేని రాయి కింద ఉంది. పళ్లు, ఎముకలు, డీఎన్‌ఏ కలిపి చూసి 2021 మార్చిలో ఆయనే అని తేల్చారు.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా ఎందుకంత ఆలస్యం? జవాబు కొకురాలోనే ఉంది. దేహాలు చెడిపోకుండా ఫార్మాల్డిహైడ్ కలిసిన రసాయనాలు వాడారు. జువాలజీ ల్యాబులో సీసాలోని కప్పను ఏళ్ల తరబడి నిలిపేది అదే. కప్ప ఆకారం నిలుస్తుంది గానీ దాని డీఎన్‌ఏ పోగులు ఒకదానికొకటి అంటుకుని, తునాతునకలవుతాయి. 1999లో రెండు సమాధులు తవ్వి పరీక్షిస్తే ఏమీ రాలేదు. అపురూపంగా కాపాడాలనుకున్న చేతులే ఆనవాలు చెరిపేశాయి. ఆ గుమాస్తాలనూ వైద్యులనూ తప్పుపట్టలేం. డీఎన్‌ఏ అల్లిక ఎలా ఉంటుందో లోకానికి తెలిసిందే 1953లో.

అప్పుడు అక్కరకొచ్చినవి ఆ ఛాతీ ఫిల్ములు. 1973లో సెయింట్ లూయీలోని సైనిక రికార్డుల కేంద్రం తగలబడి కోటిన్నరకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. క్షయ ఎక్స్‌రేలు మాత్రం వేల సంఖ్యలో మిగిలాయి. సమాధిలోంచి తీసిన జత్రుకను స్కాన్ చేసి, ఆ అంచుల గీతను పాత ఫిల్ముల్లోని గీతలతో కంప్యూటర్ పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని వరుసలో ముందు పెడుతుంది. తర్వాత మనిషి కూర్చుని, మెడ వెన్నుపూసలతో సహా చూస్తాడు. ఎముకలు పరిశీలించేవాళ్లకు ఫలానా వ్యక్తి కావచ్చునని ముందుగా చెప్పరు. పేరు తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది కదా.

డీఎన్‌ఏ తునకలను చదవగల కొత్త పద్ధతి 2016లో డెలవేర్‌లోని సైనిక ప్రయోగశాలలో వాడుకలోకి వచ్చింది. డీఎన్‌ఏ అంటే రసాయన అక్షరాల వరుస. వంద అక్షరాలు కూడా లేని ముక్కలను వల వేసి పట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి వాక్యం కూర్చినట్టు కూరుస్తారు. ఎక్కువగా చదివేది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ. అది 16,569 అక్షరాల చిన్న చక్రం, ఒక్కో కణంలో వందల ప్రతులుంటాయి కాబట్టి ఎక్కడో ఒకటి బతికి ఉంటుంది. అయితే అది తల్లి నుంచే వస్తుంది. మన గోత్రం తండ్రి వెంట నడిస్తే ఇది తల్లి వెంట నడుస్తుంది. అందుకే తప్పిపోయిన సైనికుడి సొంత కొడుకు నోటి నుంచి దూదిపుల్లతో నమూనా తీసుకున్నా ఈ పరీక్షకు పనికిరాదు. అతని అక్కచెల్లెళ్ల పిల్లలది పనికొస్తుంది. మేనమామ పోలిక అని మన పెద్దవాళ్లు ముక్కూ ముఖమూ చూసి అంటారు గానీ, ఇక్కడ మేనల్లుడు అక్షరాలా సాక్షి. పోల్చడానికి అలాంటి బంధువు దొరకకపోతే ఎంత శుభ్రంగా చదివిన డీఎన్‌ఏ అయినా మూగదే.

2018 జులైలో ఉత్తర కొరియా 55 పెట్టెలు అప్పగించింది. చాలావరకు చోసిన్ జలాశయం తూర్పు ఒడ్డున దొరికినవి. అన్నిటికీ కలిపి వచ్చిన గుర్తింపు బిళ్ల ఒక్కటే. పెట్టెకు ఒకరు అనుకుంటే, డీఎన్‌ఏ లెక్కలో సుమారు 250 మంది తేలారు. అందరూ అమెరికన్లు కూడా కారు. వాళ్ల దళాల్లో కొరియన్ కుర్రవాళ్లు పక్కపక్కనే పోరాడి పక్కపక్కనే పడ్డారు. వీటిలోంచీ, అంతకుముందు వచ్చినవాటిలోంచీ అలా వేరుచేసిన 147 మంది దక్షిణ కొరియా సైనికుల అవశేషాలు 2020 జూన్‌లో హవాయి నుంచి సియోల్ చేరాయి.

ఎవరు ఎక్కడివాళ్లో ఎముకల్లోని కార్బన్ కూడా కొంత చెబుతుంది. జొన్న, రాగి, మొక్కజొన్న, చెరకు వంటి మొక్కలు వరి, గోధుమల కంటే బరువైన కార్బన్‌ను కాస్త ఎక్కువగా నిలుపుకుంటాయి. ఆ తేడా తిన్నవాడి ఎముకకూ చేరుతుంది. జీవితమంతా సంగటి తిన్నవాడినీ అన్నం తిన్నవాడినీ ఎముక పొడి చూసి విడదీయవచ్చు. మొక్కజొన్న మేపిన పశుమాంసం తిన్న అమెరికన్ ఎముక, వరి తిన్న కొరియన్ ఎముక అలాగే వేరుగా కనిపిస్తాయి. కానీ ఉత్తర కొరియా కొండల్లో కొర్రలూ తింటారు, కొర్ర కూడా జొన్న వర్గంలోదే. అందుకే కార్బన్ మాట ఒక్కటే నమ్మి ఎవరినీ ఏ దేశానికీ పంపరు.

ఒక మనిషి ఎముకలు మూడు పెట్టెల్లో ఉండవచ్చు. తొడ ఎముక ఈ ఏడాది తేలితే, చేతి ఎముక ఎన్నేళ్లకో తేలుతుంది. అందుకే సైన్యం తరఫున ఇంటికి వచ్చిన అధికారి వివరాలన్నీ చెప్పాక కుటుంబం ముందు ఒక కాగితం పెడతాడు. ఇకపై ఆయనవి మరికొన్ని ఎముకలు దొరికితే ప్రతిసారీ మీకు చెప్పమంటారా, వద్దంటారా అని అందులో అడుగుతారు. వద్దు అన్న గడిలో టిక్కు పెట్టే కుటుంబాలూ ఉన్నాయి.