సెక్యూరిటీ హెడ్ కుర్చీ, మన అమ్మాయిలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సాక్‌లో, అంటే సైబర్ దాడులపై రాత్రింబవళ్లు నిఘా పెట్టే విభాగంలో, అలర్టులు చూసే ఉద్యోగంతో మొదలుపెట్టి పదిహేడేళ్లయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఓ ఆర్థిక సంస్థకు సెక్యూరిటీ హెడ్‌ని. టీమ్‌లో కొత్తగా చేరే అమ్మాయిల నోట ఈ మాటలే మళ్లీ మళ్లీ వింటుంటాను.

అపోహ: హ్యాకింగ్‌లో తల పండితేనే సీసో (సంస్థ సైబర్ భద్రతకు హెడ్) అవుతాం.

వాస్తవం: సీసో పని రోజంతా కోడ్ ముందు కూర్చోవడం కాదు. ఏ ముప్పును ఇవాళే ఆపాలి, దేన్ని కొన్నాళ్లు భరించొచ్చు, దానికెంత ఖర్చవుతుంది అన్నది తేల్చడం. టెక్నాలజీ అక్కర్లేదనను. ఇంజినీరు కాకమ్మ కథ చెబితే పట్టుకునేంత రావాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం సీసో నేరుగా ఐటీ హెడ్ కింద ఉండకూడదు, వ్యాపార టార్గెట్లూ ఇవ్వకూడదు. కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆపమని చెప్పాల్సిన మనిషికి, ఆ రిలీజ్ కోసం తొందరపడే మనిషే అప్రైజల్ రాస్తే ఇంక నోరు పెగలుతుందా?

అపోహ: ఆడిట్, కంప్లయన్స్ (నియమాలు పాటిస్తున్నామా అని చూడటం) ఆడవాళ్ల పని. అందులో చేరితే అక్కడే ఆగిపోతాం.

వాస్తవం: ఇందులో సగం నిజమే. "నీ డాక్యుమెంట్లు నీట్‌గా ఉంటాయమ్మా" అంటూ అటు తోసేస్తారు. నన్నూ తోశారు. నాలుగేళ్లు రిస్క్ రిజిస్టర్ (సంస్థకున్న ముప్పుల చిట్టా) నేను రాస్తే, బోర్డు కమిటీ ముందు చదివింది వేరొకరు. కానీ సంస్థలో ఏది పోతే ఎంత నష్టమో ఆ రిజిస్టర్ రాసేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే కంప్లయన్స్ వదిలి పారిపొమ్మని ఎవరికీ చెప్పను. స్లైడ్లు చేసింది నేనైతే మాట్లాడేదీ నేనే అని మేనేజర్‌ని అడగమంటాను. బడ్జెట్‌లో ఒక్క లైనైనా మీ పేరు మీద ఉండాలి, ఎంత చిన్నదైనా సరే. నాకు మొదట దక్కింది లాగ్స్, అంటే సిస్టమ్‌లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, దాచే స్టోరేజీ కాంట్రాక్టు. అప్పట్లో ఎవరికీ పట్టని పని. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ లాగ్స్ 180 రోజులు దాచాలనేసరికి ఫోన్లన్నీ నా డెస్క్‌కే వచ్చాయి.

అపోహ: రాత్రి షిఫ్టులు చేయలేకపోతే ఈ రంగం కుదరదు.

వాస్తవం: షిఫ్టులు ఎక్కువగా సాక్ మొదటి అంచెలో ఉంటాయి. క్లౌడ్, ఐడెంటిటీ (ఎవరికి ఏ సిస్టమ్ అందాలో చూడటం), ప్రైవసీ పనులు చాలావరకు పగటివే. పై కుర్చీలో షిఫ్టు ఉండదు, ఫోన్ ఉంటుంది. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలి కాబట్టి తెల్లవారుజామున రెండింటికి మోగినా ఎత్తాల్సిందే. పిల్లాడి జ్వరాలకి లేచినన్ని రాత్రులు నేనింకా ఆఫీసు ఫోనుకి లేవలేదు.

అపోహ: కాన్పుకి గ్యాప్ తీసుకుంటే అనుభవం సున్నాకొస్తుంది.

వాస్తవం: ఈ రంగంలో పేరున్న సర్టిఫికెట్ సీఐఎస్ఎస్‌పీకి 5 ఏళ్ల అనుభవం కావాలి. అది ఏకబిగిన ఉండాలన్న నియమం లేదు, పార్ట్‌టైమ్ పనికీ లెక్క ఉంది. గ్యాప్‌ని పట్టుకు పీకేది ఇంటర్వ్యూ చేసేవాళ్లే. రెజ్యూమెలో సంజాయిషీ రాయకండి.

అపోహ: అసలు ఇందులో పైన ఆడవాళ్లేరీ?

వాస్తవం: 2013లో మైక్రోసాఫ్ట్ బగ్ బౌంటీ (లోపాలు పట్టి చెప్పినవాళ్లకు బహుమతి) మొదలుపెట్టడం వెనకున్నది కేటీ మౌసోరిస్. గూగుల్‌లో క్రోమ్ సెక్యూరిటీని నడిపింది పరిసా తబ్రిజ్. మన దగ్గర తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో డైరెక్టర్‌గా ఐపీఎస్ అధికారి శిఖా గోయల్ వచ్చారు. ఆవిణ్ని టీవీలో చూశాకే మా అత్తగారికి నేనేం ఉద్యోగం చేస్తానో అర్థమైంది.