రొయ్య తల నల్లబడకుండా గ్రీన్ టీ

పిల్లలూ,

చేపల మార్కెట్లో ఐసు మీద పేర్చిన రొయ్యల్ని చూస్తే ముందు తల దగ్గర చూడండి. పట్టిన ఒకటి రెండు రోజులకే అక్కడ నల్లమచ్చలు మొదలవుతాయి. అది కుళ్లు కాదు. కోసిన వంకాయ ముక్క నల్లబడేది కూడా ఇలాగే. రెండింట్లోనూ ఉండే ఎంజైమ్ పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. రొయ్య బతికున్నప్పుడు పెంకు గట్టిపడడానికి అదే కావాలి. చనిపోయాక గాలి తగిలితే అది రొయ్యలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని క్వినోన్లనే పదార్థాలుగా మారుస్తుంది, అవి కలిసి మెలనిన్ అనే నల్లటి రంగు అవుతాయి. చలికి ఈ పని నెమ్మదిస్తుంది గానీ ఆగదు. గడ్డకట్టించిన రొయ్యను కరిగిస్తే మళ్లీ మొదలవుతుంది.

దీన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ అనే రసాయనం కలిపిన నీళ్లలో ముంచుతారు. బాగా పనిచేస్తుంది. కానీ రొయ్యలో మిగిలిపోయిన ఆ సల్ఫైట్ కొందరు ఉబ్బసం రోగులకు ఊపిరాడకుండా చేస్తుంది. అందుకే పచ్చి రొయ్యలో కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ చెబుతుంది. మొక్కల సారాల మీద నాకింత ఆశ అందుకే. గ్రీన్ టీలోని కాటెకిన్లనే ఫినాల్ పదార్థాలు ఆ ఎంజైమ్‌కు ప్రాణమైన రాగిని పట్టేస్తాయి, పుట్టిన క్వినోన్లను వెనక్కి తిప్పుతాయి కూడా. దానిమ్మ తొక్కలోనూ, ద్రాక్ష గింజల్లోనూ ఇలాంటి ఫినాల్‌లే ఉన్నాయి.

పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చేసి చూడండి. లీటరు నీళ్లు 80 డిగ్రీలకు కాచి, 5 గ్రాముల గ్రీన్ టీ ఆకు వేసి 10 నిమిషాలు మూతపెట్టండి. పలుచని బట్టలో వడకట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు చల్లార్చండి. అందులో అప్పుడే తెచ్చిన అరకిలో రొయ్యలు తలతోనే 30 నిమిషాలు ముంచి, నీరు కారనిచ్చి, అంతే బరువు ఐసు మధ్య పొరలుగా పేర్చండి. ఇంకో అరకిలో ఉత్త చల్లటి నీళ్లలో ముంచి అలాగే పెట్టండి, లేకపోతే తేడా తెలియదు. కరిగిన నీళ్లు రోజూ వంచేసి కొత్త ఐసు వేస్తూ 2, 4, 6 రోజులకు తలలు పోల్చండి. ఈ రొయ్యల్ని మాత్రం వండుకోవద్దు.

తప్పులు ఎక్కువగా జరిగేది వేళ దగ్గరే. మచ్చ పడ్డాక ముంచితే ఉపయోగం లేదు, మెలనిన్ కరగదు. డికాషన్ వేడిగా ఉంటే కండ మెత్తబడుతుంది. ఆకు ఎక్కువేస్తే పెంకు ఆకుపచ్చగా మారి, వగరు పట్టుకుంటుంది. ప్రయోగశాలల్లో ఆకుకు రంగునిచ్చే పత్రహరితాన్ని ముందే తీసేసేది ఆ రంగు అంటకుండా ఉండడానికే. ఒకసారి ముంచిన నీళ్లలో రెండో విడత ముంచకండి, మొదటి రొయ్యల క్రిములన్నీ అందులోనే ఉంటాయి. ఐసు తగ్గించి టీ మీద భారం వేస్తే రొయ్య తెల్లగానే ఉండి లోపల చెడిపోతుంది, కాబట్టి రంగుతో పాటు వాసన కూడా చూడండి.

మీ తాతయ్య