మెలటోనిన్ అన్నవాహికను కాపాడుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: మెలటోనిన్ నిద్ర హార్మోను, జీర్ణకోశంతో దానికి సంబంధం లేదు.

వాస్తవం: 1958లో ఏరన్ లెర్నర్ బృందం ఆవుల మెదడులో ఉండే పీనియల్ గ్రంథుల నుంచి దీనిని వేరుచేయడంతో దీనికి మెదడు హార్మోనుగానే పేరు స్థిరపడింది. నిజానికి జీర్ణనాళపు లోపొరలోని ఎంటరోక్రోమాఫిన్ కణాలు కూడా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీనిని తయారుచేస్తాయి. పీనియల్ గ్రంథిలో కన్నా జీర్ణనాళంలో ఇది సుమారు 400 రెట్లు ఎక్కువగా ఉంటుందని అంచనా.

అపోహ: ఇది గ్యాస్ట్రిక్ మాత్రలాగే ఆమ్లాన్ని ఆపి ఛాతీ మంటను తగ్గిస్తుంది.

వాస్తవం: ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మందులు జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తాయి, మెలటోనిన్ విషయంలో పరిశోధకులు ప్రధానంగా ఆశిస్తున్నది, ఎగదన్నిన ఆమ్లాన్ని అన్నవాహిక గోడ తట్టుకునేలా చేయడం. పోలండ్ పరిశోధకులు ఎలుకల అన్నవాహికలోకి ఆమ్లం, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము, పైత్యరసం ప్రవహింపజేసినప్పుడు, ముందుగా మెలటోనిన్ ఇచ్చినవాటిలో పుండ్లు తగ్గాయి, పొరకు రక్తప్రసరణ మెరుగ్గా నిలిచింది. అయితే పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు, రక్తనాళాలను విప్పార్చే నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాల ఉత్పత్తిని అడ్డుకోగానే ఆ రక్షణ సన్నగిల్లింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది: అన్నవాహిక అడుగున ఉండే కండర కవాటం వదులయ్యేది ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్ వల్లనే, మెలటోనిన్ దానిని తగ్గించి కవాటాన్ని బిగువుగా ఉంచుతుందని మరో వాదన. గోడకు అవసరమైన పదార్థమే కవాటానికి చేటు అన్న ఈ రెండు మాటలను కలిపి చెప్పేవారు, అదెలా పొసుగుతుందో కూడా వివరించాలి.

అపోహ: ఒమెప్రజోల్ కన్నా మెలటోనిన్ మేలని తేలిపోయింది.

వాస్తవం: 2006లో 351 మందిపై 40 రోజులు జరిపిన అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు. అందులో మెలటోనిన్ ఉన్న మందు వాడినవారందరికీ, ఒమెప్రజోల్ వాడినవారిలో మూడింట రెండు వంతుల మందికి ఉపశమనం కలిగింది. ఆ మందులో ట్రిప్టోఫాన్, బి6, బి12, ఫోలిక్ ఆమ్లం, మెథియోనిన్, బీటైన్ కూడా ఉన్నందున, ఫలితాన్ని ఒక్క మెలటోనిన్ ఖాతాలో వేయలేము. పైగా నూటికి నూరు మందికీ పనిచేసిందంటే వైద్యుడిగా నాకు అనుమానమే పెరుగుతుంది. 2010లో ఈజిప్టులో 3 మిల్లీగ్రాముల మెలటోనిన్‌ను విడిగా పరీక్షించినప్పుడు కవాటపు ఒత్తిడి పెరిగింది, ఒమెప్రజోల్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఫలితం ఇంకా మెరుగ్గా ఉంది. కానీ ఆరోగ్యవంతులతో కలిపి అందులో పాల్గొన్నది 36 మందే.

అపోహ: సహజమైన హార్మోను గనుక హాని ఉండదు.

వాస్తవం: మగత వస్తుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. పిల్లలు అమెరికా నుంచి పంపే సీసాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్కడి 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 22 రకాల్లో మోతాదు లేబుల్‌తో సరిపోలలేదు.

ఎండోస్కోపీలో పుండ్లు, బారెట్ మార్పులు (ఆమ్లం తాకిడికి అన్నవాహిక లోపొర కణాలు మారిపోవడం) కనిపించినవారు మెలటోనిన్‌ను నమ్ముకుని ఆమ్లం తగ్గించే మందును సొంతంగా మానకూడదు. మింగుడు పడకపోయినా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఏ మాత్రతోనూ కాలయాపన చేయక వెంటనే వైద్యుడిని కలవాలి.