బెట్టింగ్ మరక పడ్డ ఆటగాళ్లు: క్షమించాలా, సన్మానించాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో కుర్రాళ్లకు క్రికెట్ నేర్పడం నా పని. టోర్నమెంట్లకు తీసుకెళ్తే మేనేజర్ బాధ్యత కూడా నా మీదే పడుతుంది కాబట్టి, మ్యాచ్ ముందు ఫోన్లన్నీ తీయించి సంచిలో వేయించి బెట్టింగ్, ఫిక్సింగ్ రూల్స్ చెప్పేది కూడా నేనే. అదయ్యాక ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు: "సార్, మరి అజహర్ పేరు ఉప్పల్ స్టేడియంలో ఎలా ఉంది? ఆమిర్ మళ్లీ ఎలా ఆడాడు?" అజహర్ అంటే మా హైదరాబాదీ, భారత మాజీ కెప్టెన్ అజహరుద్దీన్; ఆమిర్ పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్; ఇద్దరి మీదా ఫిక్సింగ్ మరక పడింది. వీళ్ల తల్లిదండ్రులు అడిగేవీ ఇవే, కాకపోతే ఇంకాస్త కోపంగా. అందుకే నేను ఎప్పుడూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బెట్టింగ్ కేసు అంటే మ్యాచ్ అమ్మేసినట్టే.

అన్నింటికీ ఒకే ముద్ర వేయడం వల్లే మన వాదనలు సగం దారి తప్పుతాయి. అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) నియమావళి వీటిని విడదీసి చూస్తుంది. ఫిక్సింగ్ ఒకటి, పందెం కాయడం ఇంకొకటి, జట్టు లోపలి సమాచారం బయటికి ఇవ్వడం మూడోది. ఎవరైనా ఫిక్సింగ్ కోసం కదిపినా రిపోర్ట్ చేయకపోవడం నాలుగోది, ఇది మాత్రం చాలామందికి తెలియదు. 2019లో బంగ్లాదేశ్ ఆటగాడు షకీబ్ అల్ హసన్‌పై రెండేళ్ల నిషేధం పడింది, అందులో ఒక ఏడాది సస్పెండెడ్, అంటే మళ్లీ తప్పు చేయకపోతే ఆ భాగం అమలు కాదు. ఆయన డబ్బు తీసుకోలేదు, మ్యాచ్ చెడగొట్టలేదు, బుకీ (పందాలు కట్టించుకునేవాడు) మెసేజ్‌లు పెడితే అధికారులకు చెప్పలేదు, అంతే. ఇంగ్లండ్ పేసర్ బ్రైడన్ కార్స్ 2017 నుంచి 2019 మధ్య క్రికెట్ మీద 303 పందాలు కాశాడు. వాటిలో తను ఆడిన మ్యాచ్ ఒక్కటీ లేదు. 2024లో మూడు నెలలు కూర్చోబెట్టారు, తర్వాత మళ్లీ దేశానికి ఆడుతున్నాడు, ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేదు, నాకూ లేదు.

సమాచారం దగ్గరికొస్తే ఆస్ట్రేలియా ఆటగాళ్లు షేన్ వార్న్, మార్క్ వా ఉన్నారు. 1994లో కొలంబోలో 'జాన్' అని చెప్పుకున్న బుకీ దగ్గర డబ్బు తీసుకుని పిచ్, వాతావరణం గురించి కబుర్లు చెప్పారు. వాళ్ల బోర్డు గుట్టుచప్పుడు కాకుండా జరిమానా వేసి ఊరుకుంది, 1998 చివర్లో గానీ సంగతి బయటపడలేదు. ఈ రోజు మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో వార్న్ పేరుతో ఒక పెద్ద స్టాండ్ ఉంది.

మా పిల్లల దాకా వచ్చేది కూడా ఈ మూడో రకమే. ఇన్‌స్టాలో ఎవడో పరిచయమవుతాడు, "తమ్ముడూ, నీ కవర్ డ్రైవ్ అదిరింది" అంటాడు, షూస్ పంపిస్తానంటాడు, నాలుగు రోజులాగి "రేపు ఓపెనింగ్ ఎవరు?" అని మామూలుగా అడుగుతాడు. పదహారేళ్ల పిల్లాడికి అందులో తప్పేముందో అర్థం కాదు, జవాబిచ్చేస్తాడు. అలాంటివాణ్ణీ, జట్టు మొత్తాన్నీ అమ్మిన కెప్టెన్‌నూ ఒకే గాటన కట్టడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: తన జట్టు గెలుస్తుందని పందెం కాస్తే తప్పేముంది?

అమెరికా బేస్‌బాల్‌లో పీట్ రోజ్ అభిమానులు మూడున్నర దశాబ్దాలుగా చెప్పే మాట ఇది. 4,256 హిట్లు, ఇప్పటికీ ఆ రికార్డు ఎవరూ దాటలేదు. సిన్సినాటి రెడ్స్ జట్టుకు మేనేజర్‌గా (అక్కడ జట్టును నడిపించే కోచ్) ఉంటూ ఆ రెడ్స్ మ్యాచ్‌ల మీదే పందాలు కాశాడని 1989లో బేస్‌బాల్ విచారణాధికారి డౌడ్ ఇచ్చిన నివేదిక తేల్చింది, ఒక్క 1987లోనే 52 మ్యాచ్‌లు. సొంత జట్టు ఓడాలని కాసినట్టు ఆధారం దొరకలేదని కూడా అదే నివేదిక చెప్పింది. అయినా శాశ్వత నిషేధం.

ఎందుకో మన ఆటలో చెప్తాను. కెప్టెన్ ఈ రోజు మ్యాచ్ మీద లక్ష కాశాడనుకోండి. నడుము పట్టేసిన ఫాస్ట్ బౌలర్‌తో ఇంకో రెండు ఓవర్లు వేయిస్తాడు, ఎందుకంటే ఈ రోజు గెలవాలి, వచ్చే నెల ఆ కుర్రాడు బౌలింగ్ చేయగలడా లేదా అన్నది వెనక్కిపోతుంది. రేపటి మ్యాచ్ మీద కాయలేదనుకోండి, ఆ సంగతి బుకీకి తెలుస్తుంది, అదే వాడికి పెద్ద సమాచారం. పైగా అప్పు పెరిగితే వాడు అడిగే తర్వాతి సాయం ఏమిటో చెప్పనక్కర్లేదు. గెలుపు మీదే కాశాను అనే మాట వింటే నాకు మాత్రం ఆ బౌలర్ నడుమే గుర్తొస్తుంది.

అపోహ: కోర్టు వదిలేసింది కాబట్టి కడిగిన ముత్యమే. లేదా బోర్డు నిషేధించింది కాబట్టి దొంగే.

రెండూ పొరపాటే, దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

కోర్టులో నేరం రుజువు కావాలంటే అనుమానానికి తావు ఉండకూడదు, పైగా అసలు చట్టంలో ఆ నేరం ఉండాలి. మన దేశంలో మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా చెప్పే ప్రత్యేక చట్టం లేదు. కర్ణాటక ప్రీమియర్ లీగ్ కేసులో 2022లో కర్ణాటక హైకోర్టు ఫిక్సింగ్ అనేది మోసానికి సంబంధించిన సెక్షన్ 420 కిందకు రాదని తేల్చి కేసు కొట్టేసింది. క్రీడా ట్రిబ్యునల్ పద్ధతి వేరు. జరిగి ఉంటుందని తగినంత నమ్మకం కుదరాలి, ఆరోపణ ఎంత తీవ్రమైతే ఆ నమ్మకం అంత గట్టిగా ఉండాలి, కానీ క్రిమినల్ కోర్టంత రుజువు అక్కర్లేదు. అందుకే 1921లో షికాగో కోర్టు ఫిక్సింగ్ కేసులో నిర్దోషులని వదిలేసిన వైట్ సాక్స్ జట్టు ఆటగాళ్లను బేస్‌బాల్ కమిషనర్ జీవితకాలం వెలివేశాడు. మన పేసర్ శ్రీశాంత్‌దీ అలాంటి కథే. 2013 ఐపీఎల్ ఫిక్సింగ్ కేసులో 2015లో ఢిల్లీ కోర్టు వదిలేసినా బోర్డు జీవితకాల నిషేధం కొనసాగింది. 2019లో శిక్ష మరీ ఎక్కువైందేమో మళ్లీ చూడమని సుప్రీంకోర్టు చెప్పాక ఏడేళ్లకు తగ్గింది, ఆ తర్వాత ఆయన కేరళకు ఆడాడు.

ఇక అజహర్. 99 టెస్టులు, 22 సెంచరీలు, మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 2000 డిసెంబర్‌లో ఫిక్సింగ్ ఆరోపణలతో బీసీసీఐ (మన క్రికెట్ బోర్డు) జీవితకాలం నిషేధించింది. ఆరోపణలను ఆయన కాదంటూనే వచ్చారు, కోర్టుల్లో పోరాడారు, 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని కొట్టేసింది. అంటే ఈ రోజు ఆయన మీద నిలిచి ఉన్న శిక్ష ఏదీ లేదు. మా ఊళ్లో ఆయన్ను దేవుడిలా చూసేవాళ్లు, ఆ పేరెత్తితే మొహం తిప్పుకునేవాళ్లు ఇద్దరూ ఈ విషయం మర్చిపోతుంటారు. నా బాధ వేరే. బోర్డు 2000లో విచారణ పకడ్బందీగా చేసి ఉంటే పన్నెండేళ్ల తర్వాత అది కూలేది కాదు. లేదా ఆయన అప్పుడే నిర్దోషిగా బయటపడేవారు. ఇప్పుడు అభిమానికి ఏ జవాబూ లేదు, ఎవరికి నచ్చింది వాళ్లు నమ్ముకోవాల్సిందే.

ఉప్పల్ స్టాండ్ గొడవ కూడా చాలామంది తప్పుగా చెప్తారు. 2019లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ (హెచ్‌సీఏ) నార్త్ స్టాండ్‌కు ఆయన పేరు పెట్టింది, అప్పటి అధ్యక్షుడు ఆయనే. 2025 ఏప్రిల్‌లో అసోసియేషన్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) జస్టిస్ ఈశ్వరయ్య ఆ పేరు తీసేయమన్నది ఫిక్సింగ్ కారణంగా కాదు. అధ్యక్షుడిగా ఉండి తన పేరే పెట్టించుకోవడం ప్రయోజన వైరుధ్యం అన్నారు. అజహర్ హైకోర్టుకు వెళ్తే పేరు తీయకుండా మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. నన్నడిగితే, ఎంత నిష్కళంకుడైనా కుర్చీలో ఉన్నవాడి పేరు స్టాండ్‌కు పెట్టకూడదు, దిగిపోయాక వేరేవాళ్లు పెడితేనే అది గౌరవం.

అపోహ: ఒకసారి అమ్ముడుపోయినవాడు ఇక బాగుపడడు, జీవితకాల నిషేధమే మందు.

2010 ఆగస్టు, లార్డ్స్. మహ్మద్ ఆమిర్‌కు పద్దెనిమిదేళ్లు. ఆ నో బాల్ వీడియో పిల్లలకు చూపిస్తాను, పాదం క్రీజు దాటి ఎంత ముందు పడిందో చూడగానే వాళ్లే నోరు తెరుస్తారు, ఎందుకంటే పొరపాటున అంత దూరం పడదని ఇప్పుడిప్పుడే బౌలింగ్ నేర్చుకుంటున్నవాడికి కూడా తెలుసు. ఆ బంతి నో బాల్ అవుతుందని ఏజెంట్ ముందే చెప్పి డబ్బు తీసుకున్నాడు. ఆ రోజు పాకిస్తాన్ కెప్టెన్ సల్మాన్ బట్, ఇంకో బౌలర్ ఆసిఫ్ కూడా ఇందులో ఉన్నాడు. బట్‌కు పదేళ్లు (అందులో ఐదు సస్పెండెడ్), ఆసిఫ్‌కు ఏడు (రెండు సస్పెండెడ్), ఆమిర్‌కు ఐదు, తర్వాత ముగ్గురికీ ఇంగ్లండ్‌లో జైలు. ఆమిర్ మొదట ఐసీసీ ట్రిబ్యునల్ ముందు కాదన్నాడు, కానీ లండన్ కోర్టులో విచారణకు ముందే తప్పు ఒప్పుకున్నాడు, తర్వాత అధికారులకు సహకరించాడు. 2016లో తిరిగొచ్చాడు. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్, కోహ్లీ, ధావన్‌లను పడగొట్టి మనల్ని ఏడిపించాడు. ఆ ఓటమి నాకూ బాధే, అయినా వాడు ఆడటం న్యాయమే అంటాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కెప్టెనే దారి చూపించాల్సింది, ఆ కెప్టెనే వాణ్ణి ఊబిలోకి లాగాడు. వయసు, హోదా చూడకుండా అందరికీ ఒకే శిక్ష అంటే అది న్యాయం కాదు.

బాగుపడనివాళ్లూ ఉంటారు, దాచను. వెస్టిండీస్ బ్యాటర్ మార్లన్ శామ్యూల్స్ 2008లో రెండేళ్ల నిషేధం అనుభవించి వచ్చి 2012, 2016 టీ20 ప్రపంచ కప్ ఫైనల్స్ రెండింటిలోనూ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు, మళ్లీ 2023లో ఇంకో అవినీతి కేసులో ఆరేళ్లు పడ్డాయి. రెండోసారికి నా దగ్గర జాలి లేదు.

కానీ కోచ్‌గా నాకు కనిపించే ఇంకో సంగతి ఉంది. మొదటి తప్పుకే జీవితం అయిపోతుందని పిల్లాడు అనుకుంటే, బుకీకి ఒక్క మెసేజ్ పెట్టిన రోజు నుంచే వాడు నోరు మూసుకుంటాడు. బుకీకి కావలసింది కూడా అదే, "ఇంట్లో చెప్పమంటావా?" అని బెదిరించి రెండోది, మూడోది చేయిస్తాడు. తిరిగొచ్చే దారి ఒకటి ఉందని తెలిస్తేనే వాడు మా దగ్గరికి వచ్చి చెప్తాడు.

అపోహ: అయితే వాళ్ల రికార్డులు కొట్టేయాలి.

కుదరదు. ఆ పరుగులకు ఎదుటి బౌలర్ ఉన్నాడు, ఆ వికెట్లకు ఎదుటి బ్యాటర్ ఉన్నాడు, వాళ్ల కష్టం కూడా పోతుంది. స్కోర్‌బుక్ జరిగింది రాసుకుంటుంది, అంతవరకే దాని పని.

అపోహ: క్షమిస్తే సన్మానం కూడా చేయాల్సిందే.

జనం కొట్టుకునేదంతా ఇక్కడే. మళ్లీ ఆడనివ్వడం వేరు, హాల్ ఆఫ్ ఫేమ్‌లోనో (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) స్టేడియం గోడ మీదో పేరు చెక్కడం వేరు. శిక్ష పూర్తయితే ఆడే హక్కు వస్తుంది. సన్మానం హక్కు కాదు, అది ఇవ్వాలంటే నా దృష్టిలో ఒక్కటే షరతు: మనిషి పూర్తి నిజం చెప్పి ఉండాలి, అదీ దొరికిపోయి గత్యంతరం లేక కాకుండా.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాల్ హార్నంగ్ 1963లో బెట్టింగ్‌లో దొరికాడు, ఒప్పుకున్నాడు, ఒక సీజన్ బయట కూర్చున్నాడు, 1986లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. బేస్‌బాల్‌లో పీట్ రోజ్ మాత్రం 1989 నుంచి కాదని బుకాయిస్తూ వచ్చి 2004లో ఒప్పుకున్నాడు, అదీ పుస్తకం అమ్ముకునే సమయంలో. 2024 సెప్టెంబర్‌లో చనిపోయాడు. 2025 మేలో బేస్‌బాల్ కమిషనర్ మాన్‌ఫ్రెడ్ చావుతో నిషేధం ముగుస్తుందని ప్రకటించి రోజ్‌తో పాటు ఇంకొందరి పేర్లు నిషేధ జాబితా నుంచి తీసేశాడు, 2027 చివర్లో ఆయన పేరు హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ముందుకు వెళ్లే వీలుంది. నాకీ పద్ధతి నచ్చలేదు. పదిహేనేళ్లు అబద్ధం చెప్పినందుకు వద్దనుకుంటే చచ్చాక కూడా వద్దనాలి, క్షమించదలిస్తే బతికి ఉండగా పిలిచి చెప్పాలి. చావు వల్ల ఆయన చేసింది ఏం మారింది?

దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే సంగతి ఇంకా కష్టం. 2000లో ఢిల్లీ పోలీసులు బుకీతో ఆయన ఫోన్ సంభాషణలు బయటపెట్టాక కొద్ది రోజుల్లోనే ఒప్పుకున్నాడు, 2002లో విమాన ప్రమాదంలో 32 ఏళ్లకే పోయాడు, దక్షిణాఫ్రికాలో చాలామంది మనస్ఫూర్తిగా క్షమించారు. నేనూ క్షమిస్తాను. కానీ నాగ్‌పూర్ వన్డేలో 20 లోపు అవుట్ అవ్వమని 15 వేల డాలర్లు ఆశ చూపింది హెర్షెల్ గిబ్స్‌కు, పది ఓవర్లలో 50కి పైగా ఇవ్వమంది హెన్రీ విలియమ్స్‌కు, ఇద్దరూ తన కింద ఆడే తెల్లజాతివాళ్లు కాని కుర్రాళ్లు. గిబ్స్ సరేనని చెప్పి కూడా క్రీజులోకి వెళ్లాక 74 కొట్టాడు. అయినా ఇద్దరికీ ఆరేసి నెలలు పడ్డాయి. కెప్టెన్ పేరు గోడ మీద చెక్కే ముందు ఆ ఇద్దరినీ అడగాలి.

ఇంకో పేరు. గ్రేమ్ క్రీమర్, అప్పటి జింబాబ్వే కెప్టెన్. 2017లో వాళ్ల సొంత క్రికెట్ అధికారి ఒకడు 30 వేల డాలర్లు ఇస్తానని ఫిక్సింగ్‌కు పిలిస్తే వెంటనే వెళ్లి ఫిర్యాదు చేశాడు, ఆ అధికారికి ఇరవై ఏళ్ల నిషేధం పడింది. మా పిల్లల్లో ఒక్కడికీ ఆ పేరు తెలియదు. ఫిక్సింగ్‌లో దొరికినవాళ్ల పేర్లు మాత్రం వరసగా చెప్తారు. ఏ అసోసియేషన్ అయినా స్టాండ్‌కు పేరు వెతుకుతుంటే, ముందు ఇలా ఫిర్యాదు చేసినవాళ్ల జాబితా తీయమనండి.