గడపలేని ఇంట్లో గారెల లెక్క

బెంగళూరు మారతహళ్ళిలో ఆరో అంతస్తులో ఉంటున్న మా చెల్లెలికి రెండో కాన్పు అయినప్పుడు, నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ తనతోపాటు ఒక పిండివంటల లెక్కను కూడా తెచ్చుకుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. అయిదో నెలలో బొబ్బట్లు సకాలంలోనే అయ్యాయి. ఆ తరువాతే చిక్కు వచ్చింది. పదో నెల నిండినా పిల్లవాడు పాకలేదు. కూర్చున్నచోటి నుంచే ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలను తన్నుతూ, పిరుదుల మీద జరుగుతూ హాలంతా తిరిగేవాడు. ‘పై అంతస్తు పాప పదో నెలలోనే నడిచిందటే, వీడింకా పాకనైనా పాకడేం?’ అని అమ్మ, చెల్లెలిని రోజుకొకసారైనా అడిగేది.

ఈ ప్రశ్నకు మంచి జవాబే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పెరుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లలను ఏళ్ళ తరబడి కొలిచారు. వాటిలో భారతదేశం కూడా ఉంది, ఇక్కడి పిల్లలను దక్షిణ ఢిల్లీలో ఎంచుకున్నారు. కదలికల లెక్కను అయిదు దేశాల్లో తీసుకున్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చునని, ఒంటరిగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చునని అందులో తేలింది. అంటే ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పిల్లల తొలి అడుగుల మధ్య తొమ్మిది నెలల తేడా ఉండవచ్చునన్నమాట. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి, ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు చేతులు, మోకాళ్ళ మీద పాకనేలేదు. ఆ మెట్టును వదిలేసి నేరుగా నిలబడటానికి వెళ్ళిపోయారు. అయితే పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే, వచ్చిన విద్య ఏదైనా పోతే, ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పక్కన పెడుతుంటే మాత్రం ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఎందుకింత తేడా అనేదానికి చాలాకాలం చెప్పిన సమాధానం ఒక్కటే: మెదడు, వెన్నుపాము పరిపక్వం చెందిన కొద్దీ కదలికలు వాటంతటవే విచ్చుకుంటాయని. అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ వంటివారు గత శతాబ్దపు మొదటి సగంలో ఈ క్రమాన్ని ఎంతో ఓపికగా నమోదు చేశారు. తల నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, నిలబడటం, ఇలా పైనుంచి కిందికి దిగే వరస నిజమే. కానీ వరస ఉన్నంతమాత్రాన అది ముందే రాసిపెట్టిన పంచాంగం కాదు. దీన్ని బయటపెట్టినది, నాకు బాగా నచ్చిన ఒక చిన్న ప్రయోగం.

అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు బల్లకు తాకేలా నిలబెడితే, నడుస్తున్నట్టు ఒక కాలి తరువాత ఒక కాలు ఎత్తి వేస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి ఈ అడుగులు మాయమవుతాయి. మెదడు ఎదిగి ఆ పాత ప్రతిచర్యను అణచివేస్తోందని పుస్తకాలు చెప్పేవి. ఎస్తర్ థెలెన్ అనే శాస్త్రవేత్తకు మాత్రం ఒక అనుమానం వచ్చింది: వెల్లకిలా పడుకున్న అదే బిడ్డ కాళ్ళు ఝాడిస్తూనే ఉంటుంది, ఆ ఝాడింపు తీరు అచ్చంగా అడుగుల తీరులాగే ఉంటుంది, మరి మెదడు అణచివేసింది దేన్ని? ఆమె, ఆమె సహచరులు 1984లో ప్రచురించిన పరిశోధనలో పసిపిల్లలను రొమ్ము దాకా గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టారు. కాళ్ళ బరువును నీరు మోయగానే అడుగులు పెరిగాయి. చిన్నపిల్లల కాళ్ళకు కాస్త బరువు కడితే అడుగులు తగ్గిపోయాయి. పుట్టిన తొలి వారాల్లో బిడ్డ కాళ్ళకు కండకన్నా కొవ్వు త్వరగా చేరుతుంది. నిటారుగా నిలబెట్టినప్పుడు ఆ బొద్దుకాళ్ళను ఎత్తే సత్తువ కండకు లేదు, అంతే. మనం ముద్దు చేసే ఆ తొడల మడతలే అడుగులను ఆపాయి.

ఇక్కడి నుంచి చూస్తే పిల్లల ఎదుగుదల, కదలిక రెండు వేరు కథలు కావు. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న బిడ్డ ఏడాదిలో మరో 25 సెంటీమీటర్లు పెరుగుతుంది; బరువు అయిదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే నాలుగో వంతు. పెద్దవారిలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. కాళ్ళు పొట్టి, బరువంతా పైన. తప్పటడుగుల పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తి తూలుతూ నడవడం ముద్దు కోసం కాదు, ఆ ఒంటికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. పైగా ఆ ఒళ్ళు వారం వారం తన కొలతలు మార్చుకుంటుంది.

పిల్లల కదలికలను పరిశోధించే కరెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన లెక్కల ప్రకారం, 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. ఆమె ఇంకో ప్రయోగంలో పిల్లల ముందు వాలు బల్లలు ఉంచింది. పాకడంలో ఆరితేరిన పిల్లలు నిటారు వాలును చూసి ఆగిపోయేవారు. అదే పిల్లలు నడక మొదలుపెట్టిన తొలి వారాల్లో, తాము ఆగిన ఆ వాలు మీదకే నిర్భయంగా అడుగేసి పడబోయేవారు. పాకే ఒంటికి తెలిసిన భయం నడిచే ఒంటికి అబ్బలేదు.

ఇంటి పద్ధతికీ ఇందులో వాటా ఉంది. కెన్యాలో కిప్సిగిస్ తెగ తల్లులు బిడ్డలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. ఆ పిల్లలు ఆ రెండూ అమెరికా పిల్లలకన్నా సుమారు ఒక నెల ముందు చేస్తారని, ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం ముందు లేరని 1970లలో చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు గమనించాడు. మా చెల్లెలి ఇంట్లో నేల నున్నని టైల్సు. మోకాలు ఆనిస్తే జారుతుంది, పైగా బెంగళూరు చలికి వేసిన మేజోళ్ళు. పిరుదుల మీద జరగడం మావాడు కనిపెట్టిన తెలివైన దారేనని నా అభిప్రాయం. అమ్మ మేజోళ్ళు విప్పి, పాత బొంత పరిచింది. అంతకుముందు ఎవరో బహుమతిగా ఇచ్చిన, బిడ్డ లోపల కూర్చునే చక్రాల వాకర్ కూడా అటక ఎక్కింది. అది నడక నేర్పదు సరికదా, మెట్లున్నచోట ప్రాణం మీదికి తెస్తుంది. కెనడా 2004లోనే దాన్ని నిషేధించింది. పిల్లవాడు నిలబడి తోసుకుంటూ పోయే మన మూడు చక్రాల చెక్క బండి వేరు, అందులో బరువు వాడి కాళ్ళ మీదే ఉంటుంది.

మూడో ఏడు దాటాక ఏటా అయిదారు సెంటీమీటర్ల చొప్పున పెరుగుదల నెమ్మదిగా సాగుతుంది. పరుగు, గెంతు, సైకిలు, అక్షరాలు దిద్దే వేళ్ళు, ఇవన్నీ కుదురుకునేది ఈ నిలకడ కాలంలోనే. తరువాత అది మళ్ళీ చెదురుతుంది. ఫ్రాన్సులో మాంట్‌బేయార్ అనే తండ్రి తన కొడుకు ఎత్తును 1759 నుంచి 1777 వరకు క్రమంగా కొలిచి రాసుకున్న అంకెల్లోనే, పుట్టుక నుంచి తగ్గుతూ వచ్చిన వేగం యౌవనారంభంలో ఒక్కసారిగా లేచిన తీరు కనిపిస్తుంది. ఆడపిల్లల్లో ఆ శిఖరం సుమారు 12 ఏళ్ళకు, మగపిల్లల్లో 14 ఏళ్ళకు వస్తుంది. మగపిల్లలు ఆ ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్ల దాకా సాగుతారు. ఆరో, ఏడో తరగతి ఫోటోల్లో ఆడపిల్లలు వెనక వరసలో నిలబడటానికి కారణం ఇదే.

ఒళ్ళంతా ఒకేసారి పెరిగితే బాగుండేది. ముందు పాదాలు, ఆ తరువాత కాళ్ళు, చివరికి నడుము పైభాగం. మా పెద్దవాడికి పదమూడు. జూన్‌లో కొన్న స్కూలు బూట్లు దసరాకే బిగుతయ్యాయి. స్టీలు గ్లాసు అందుకోబోయి తోసేస్తాడు, సోఫా కాలికి కాలు తగిలించుకుంటాడు. ఎముక పొడవు ముందు పెరిగి, కండ బలం తరువాత అందుకుంటుంది గనుక, మధ్యలో ఆ ఒంటికి పాత లెక్కలు పనిచేయవు. నిర్లక్ష్యమని నేను వాడిని చాలాసార్లు కసిరాను. ఎముకల చివర ఉండే మృదులాస్థి పొరలు గట్టిపడేదాకా ఈ సాగుడు ఆగదు. వాటిని మూసే హార్మోను మగపిల్లల్లోనూ ఈస్ట్రోజనే.

చెల్లెలి చిన్నవాడు పద్నాలుగో నెలలో నడిచాడు, అరిసెలు అయ్యాయి. ఫ్లాటులో గడప ఎక్కడుందన్న సమస్య మిగిలింది. చివరికి బాల్కనీ తలుపు జారే ఇనుప పట్టాలనే గడపగా అమ్మ ఖాయం చేసింది. వాడు వాటిని దాటిన ఆదివారం గారెలు వేశారు. వాడికి దక్కింది ఒక ముక్క. మిగతావాటిలో ముప్పాతిక వంతు మా పదమూడేళ్ళవాడే తిన్నాడు.