కష్టాల్లో పెరిగితే పిల్లల మెదడు దెబ్బతింటుందా? అపోహలు - వాస్తవాలు

పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే క్లినిక్‌లో పనిచేస్తున్నాను. అప్పులు, గొడవలు, ఉద్యోగం పోవడం లాంటివి నడుస్తున్న ఇళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఏదో ఒక వార్త చదివి, బెదిరిపోయి వస్తారు.

అపోహ: పేదింటి పిల్లల మెదడు చిన్నదని పరిశోధనల్లో తేలిపోయింది.

2015లో అమెరికాలో 3 నుంచి 20 ఏళ్ల లోపు 1,099 మంది స్కాన్లు పరిశీలించారు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లల్లో మెదడు పైపొర విస్తీర్ణం సగటున తక్కువగా కనిపించింది. 'సగటున' అన్న మాట వార్తలకెక్కేసరికి ఎగిరిపోతుంది. ఒకే ఆదాయమున్న ఇళ్ల పిల్లల మధ్య కూడా బోలెడు తేడా ఉంటుంది. స్కాన్ చూసి ఏ బిడ్డది ఏ ఇల్లో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఆ పేరుతో స్కాన్ చేయించకండి. ఆ అధ్యయనంలో నాకు ముఖ్యంగా అనిపించింది వేరే ఉంది. బాగా తక్కువ ఆదాయాల దగ్గర కొద్దిపాటి తేడాకే విస్తీర్ణంలో పెద్ద తేడా కనిపించింది. ఉన్నవాళ్లలో అంతే తేడాకు పెద్దగా ఏమీ కనిపించలేదు.

అపోహ: ఏ టెన్షన్ అయినా మెదడుకు చేటే.

కాదు. పరీక్ష భయం, కొత్త స్కూలు బెరుకు, ఇంట్లో ఎప్పుడో ఒక మాటా మాటా అనుకోవడం వల్ల మెదడేమీ పాడవదు. భయం వేసినప్పుడు కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఎవరైనా దగ్గరకు తీసుకుంటే తగ్గుతుంది. చిక్కంతా అది తగ్గే వీలు లేని ఇళ్లలోనే. నెలల తరబడి కొట్లాటలు, ఆకలి, రేపు ఎక్కడుంటామో తెలియకపోవడం, వీటికి తోడు ధైర్యం చెప్పే పెద్దవాళ్లు ఒక్కరూ లేకపోవడం. దీన్నే మేం టాక్సిక్ స్ట్రెస్ అంటాం. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా, తొందరపాటును ఆపే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద దీని ప్రభావం పడుతుంది. అలాంటి పిల్లలు క్లాసులో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, ఎవరైనా తగిలితే ముందు చెయ్యెత్తుతారు. పెద్దవాళ్లు దానికి పొగరని పేరు పెడతారు.

అపోహ: అమ్మ ఓపిగ్గా ఉంటే అన్నీ సర్దుకుంటాయి.

ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఆలోచనా పరీక్షలు పెట్టారు. అవే బుర్రలు, చేతిలో డబ్బాడని రోజుల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. బిడ్డతో ఆడుకోవడానికి కావాల్సిన మనసును అప్పుల లెక్కలే తినేస్తుంటే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? తల్లికి నిద్ర, డిప్రెషన్ ఉంటే వైద్యం, ఇంటిపనిలో ఇంకో చెయ్యి దొరకడం కూడా బిడ్డ చికిత్సలో భాగమే.

అపోహ: చేతిలో డబ్బు పెడితే చాలు.

అమెరికాలో 2018 నుంచి వెయ్యిమంది తల్లుల్లో కొందరికి నెలకు 333 డాలర్లు, మిగతావారికి 20 డాలర్లు ఇస్తూ వచ్చారు. ఏడాది వయసులో పిల్లల మెదడు తరంగాల్లో కొంత తేడా కనిపించింది కానీ, నాలుగేళ్లకు అది నిలవలేదు. మధ్యలో కరోనా కూడా వచ్చింది. దీన్ని బట్టి డబ్బు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అంత మొత్తం ఒక్కటే సరిపోలేదనే దీనికి అర్థం.

అపోహ: మూడేళ్లు దాటితే చేసేదేమీ లేదు.

తొలి ఏళ్లు విలువైనవే. రొమేనియా అనాథాశ్రమాల పిల్లల్లో రెండేళ్లలోపు పెంపుడు కుటుంబాలకు చేరినవాళ్లు ఎక్కువగా తేరుకున్నారు. అయితే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. సాయానికి పెద్ద హంగులూ అక్కర్లేదు. జమైకాలో ఎదుగుదల కుంటుపడిన పసివాళ్ల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట, రెండేళ్లపాటు వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. 20 ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ.

అపోహ: ఆన్‌లైన్‌లో ఏస్ స్కోరు చూసుకుంటే పిల్లల భవిష్యత్తు తెలిసిపోతుంది.

అది 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో వేలమంది పెద్దల బాల్యపు కష్టాలను లెక్కగట్టడానికి వాడిన కొలత. ఒక్క బిడ్డ జాతకం చెప్పడానికి పనికిరాదు. నేనైతే ఆ స్కోరు అడగను. వాడు ఎవరి దగ్గర కుదురుగా ఉంటాడు, రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నాడు, మీకు సాయం ఎవరున్నారు అని అడుగుతాను.